పల్లె దారుల ప్రయాణానికి అద్దె కారు ఎక్కడ తీసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

తామే నడుపుకుంటూ పల్లెలూ కొండలూ చుట్టి రావాలనుకునేవారు ఏ కారు తీసుకోవాలన్న దాని గురించి ఎంతో ఆలోచిస్తారు. దాన్ని ఏ ఊళ్లో, ఏ కార్యాలయంలో తీసుకోవాలన్నది మాత్రం వెతుకులాటలో మొదట కనిపించిన పేరుకే వదిలేస్తారు. కార్యాలయం పనివేళలు, అక్కడ ఉండే కార్లు, అక్కడి నుంచి అసలు దారికి ఉన్న దూరం కలిసి ప్రయాణంలోని మొదటి రోజునూ చివరి రోజునూ నిర్ణయిస్తాయి. ఒకే రకమైన సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల వాటిని ప్రయాణంలోని దశల ప్రకారం ఇక్కడ కూర్చాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

## చోటు నిర్ణయించుకునేటప్పుడు

ఎక్కడ తీసుకున్నా అదే సంస్థ, అదే కారు కదా? తేడా ఏముంటుంది?

బోర్డు మీద పేరు ఒకటే అయినా కార్యాలయాలన్నీ ఒక్కటి కావు. పెద్ద సంస్థల పేరుతో చిన్న ఊళ్లలో నడిచేవాటిలో చాలా కార్యాలయాలు ఫ్రాంచైజీలు. అక్కడి కార్లు ఆ యజమానివే, నిబంధనలు కొన్ని ఆయన పెట్టుకున్నవే. ఒకే సంస్థలో ఒక కార్యాలయం కిలోమీటర్లకు పరిమితి లేకుండా కారు ఇస్తే, మరొకటి రోజుకు ఇన్ని కిలోమీటర్లని హద్దు పెట్టవచ్చు. ఒకటి వేరే ఊళ్లో అప్పగించడానికి ఒప్పుకుంటే, మరొకటి తన దగ్గరికే తీసుకురమ్మనవచ్చు. డిపాజిట్ మొత్తం, మట్టి రోడ్ల మీద అనుమతి, ఆదివారం తెరిచి ఉంటుందా లేదా అన్నవి కూడా కార్యాలయాన్ని బట్టి మారుతాయి. అందుకే సంస్థ పేరు చూసి కాకుండా, మీరు బుక్ చేస్తున్న ఆ ఒక్క కార్యాలయపు నిబంధనల పేజీ తెరిచి చదవాలి.

విమానాశ్రయంలో తీసుకోవాలా, ఊళ్లోకి వెళ్లి తీసుకోవాలా?

మీరు వెళ్లవలసిన దిక్కు దీనికి సమాధానం చెబుతుంది. విమానాశ్రయాలు సాధారణంగా ఊరి చివర, పెద్ద రహదారికి దగ్గరలో ఉంటాయి. దిగిన వెంటనే పల్లెల వైపు బయలుదేరేవారు నగరంలోకి వెళ్లి, కారు తీసుకుని, అదే రద్దీలో మళ్లీ బయటపడటంలో అర్థం లేదు. విమానాశ్రయాల్లో కార్లు ఎక్కువ, పనివేళలు ఎక్కువ, ఒక కారులో లోపం కనిపిస్తే మరొకటి ఇవ్వగల వీలు ఎక్కువ. అద్దె కూడా సాధారణంగా ఎక్కువే, ఎందుకంటే అక్కడ వ్యాపారం చేసుకోనిచ్చినందుకు విమానాశ్రయం వసూలు చేసే రుసుమును సంస్థలు బిల్లులో కలుపుతాయి.

ముందు రెండు మూడు రోజులు నగరంలోనే గడిపి తర్వాత పల్లెలకు వెళ్లేవారి లెక్క వేరు. నగరంలో కారు అవసరం ఉండదు, పార్కింగ్ ఖర్చు మాత్రం ఉంటుంది. అలాంటివారు బయలుదేరే రోజు ఉదయం కారు తీసుకోవడమే మేలు. అది కూడా నగరం నడిబొడ్డున కాకుండా, మీరు వెళ్లే దిక్కున శివారులో ఉన్న కార్యాలయంలో దొరికితే ఇంకా మంచిది.

రైల్లో చిన్న ఊరికి వెళ్లి అక్కడ కారు తీసుకుంటే ఎలా ఉంటుంది?

వీలున్న చోట మేము మొదట పరిశీలించమనేది ఈ పద్ధతినే. నగరం నుంచి పల్లె ప్రాంతం మొదలయ్యే చోటు వరకు ఉండే దారి చాలావరకు చూడదగ్గదేమీ లేని పెద్ద రహదారి. ఆ దూరం రైల్లో గడిస్తే కారు అద్దె రోజులు తగ్గుతాయి, ఇంధనమూ టోలూ తగ్గుతాయి, అన్నిటికంటే ముఖ్యంగా తెలియని కారును మొదటిసారి నడిపే గంట నగరపు రద్దీలో కాకుండా ప్రశాంతమైన రోడ్డు మీద గడుస్తుంది. స్టీరింగ్ మీకు అలవాటు లేని వైపున ఉండే దేశాల్లో ఈ లాభం మరీ స్పష్టంగా తెలుస్తుంది.

దీనికి రెండు షరతులున్నాయి. ఆ ఊళ్లో కార్యాలయం స్టేషన్‌కు నడిచి వెళ్లగల దూరంలోనైనా ఉండాలి, లేదా ట్యాక్సీ కచ్చితంగా దొరకాలి. బుకింగ్ పేజీలో ఊరి పేరు పక్కన స్టేషన్ అని రాసి ఉన్నంత మాత్రాన కౌంటర్ ప్లాట్‌ఫారం పక్కనే ఉందనుకోకూడదు, కాబట్టి చిరునామాను మ్యాప్‌లో పెట్టి చూసుకోవాలి. రెండో షరతు సమయం: రైలు ఆలస్యమైనా కార్యాలయం మూసే లోపు చేరగలిగేలా రెండు మూడు గంటల వ్యవధి ఉంచుకోవాలి.

ఎంత చిన్న ఊరైతే మరీ చిన్నదని అనుకోవాలి?

ఆ కార్యాలయంలో మీరు బుక్ చేసిన తరగతి కారు ఒక్కటే ఉంటే అది మరీ చిన్న ఊరు. ముందు రోజు దాన్ని తీసుకున్నవారు ఆలస్యంగా తెచ్చినా, దెబ్బ తగిలించి తెచ్చినా మీకు ఇవ్వడానికి మరొకటి ఉండదు. కార్యాలయానికి ఫోన్ చేసి ఆ తరగతిలో ఎన్ని కార్లున్నాయని అడిగితే సాధారణంగా దాచకుండా చెబుతారు. మధ్యాహ్నం మూసివేసేది, శనివారం ఒంటిపూట పనిచేసేది, ఆదివారం పూర్తిగా సెలవు తీసుకునేది అయితే మీ రాకపోకల రోజులు వాటికి సరిపోతేనే ఆ ఊరిని ఎంచుకోవాలి. పల్లె ప్రాంతానికి ముందు వచ్చే చివరి పెద్ద పట్టణం, అంటే కనీసం రెండు మూడు సంస్థల కార్యాలయాలున్న ఊరు, చాలామందికి సరైన మధ్యేమార్గం.

రాత్రి పొద్దుపోయాక దిగుతాము. అప్పుడే కారు తీసుకుని బయలుదేరవచ్చా?

వద్దని గట్టిగానే చెబుతాము. దూర ప్రయాణం చేసి దిగిన మనిషి, తెలియని కారు, దీపాలు లేని రోడ్డు, దారికి అడ్డం వచ్చే పశువులు లేదా అడవి జంతువులు అన్నీ ఒకే రాత్రి కలవకూడదు. ఆస్ట్రేలియాలోని మారుమూల ప్రాంతాల్లో ఊళ్ల వెలుపల సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు కారు నడపకూడదని కొన్ని సంస్థలు ఒప్పందంలోనే రాస్తాయి; ఆ నిబంధన దాటి ప్రమాదం జరిగితే బీమా వర్తించదు.

ఆ రాత్రి విమానాశ్రయం దగ్గరే బస చేసి, ఉదయం కారు తీసుకోవడం మంచిది. అప్పుడు పగటి వెలుతురులో కారు ఒంటి మీది గీతలూ సొట్టలూ సరిగ్గా చూసుకోగలరు, అద్దె రోజు కూడా ఉదయం నుంచే మొదలవుతుంది.

విమానాశ్రయంలో అన్నారు గానీ, షటిల్ బస్సులో వెళ్లాలట. ఇది మోసమా?

మోసం కాదు, కానీ బుక్ చేసే ముందే తెలుసుకోవలసిన విషయం. కౌంటర్ టెర్మినల్ లోపలే ఉండవచ్చు, కౌంటర్ లోపల ఉండి కార్లు బయట ఉండవచ్చు, లేదా రెండూ కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉండి అక్కడికి షటిల్ నడవవచ్చు. దూరంగా ఉన్నవి సాధారణంగా చవక. పిల్లలు, పెద్దవాళ్లు, ఎక్కువ సామాను ఉంటే ఆ తేడా డబ్బుకు తగినదా అని ఆలోచించుకోవాలి. షటిల్ చివరి బస్సు ఎన్నింటికో తప్పక అడగాలి, ఎందుకంటే కార్యాలయం తెరిచి ఉండి షటిల్ ఆగిపోయిన సందర్భాలు ఉంటాయి.

మా దారి రెండు దేశాల సరిహద్దులో ఉంది. ఏ వైపు తీసుకోవాలి?

ఎక్కువ రోజులు తిరిగే దేశంలో తీసుకోవాలి. కారు నమోదు, బీమా, రహదారి రుసుము కట్టినట్లు చూపే స్టిక్కర్లు, చలికాలపు టైర్లు అన్నీ ఆ దేశానికి తగినట్లు ఉంటాయి. జెనీవా విమానాశ్రయం దీనికి మంచి ఉదాహరణ. అది స్విట్జర్లాండ్‌లో ఉన్నా దానికి ఫ్రాన్స్ వైపు విభాగం ఒకటుంది, రెండు వైపులా అద్దె కార్ల కౌంటర్లున్నాయి. ఒక వైపు బుక్ చేసి మరో వైపు కౌంటర్‌కు వెళితే కారు ఇవ్వరు. స్విస్ కార్లకు ఆ దేశపు మోటార్‌వే రుసుము స్టిక్కర్‌గానో ఎలక్ట్రానిక్‌గానో ముందే కట్టి ఉంటుంది, ఫ్రాన్స్ వైపు కార్లకు సాధారణంగా ఉండదు. ఫ్రాన్స్ గడ్డ మీదే ఉండి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు కూడా సేవలందించే బాసెల్–మల్హౌస్ విమానాశ్రయంలోనూ ఇలాగే రెండు వైపులున్నాయి.

సరిహద్దు దాటే ఉద్దేశం ఉంటే ఆ మాట బుకింగ్ సమయంలోనే చెప్పి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. కొన్ని తరగతుల కార్లకు, కొన్ని దేశాలకు అనుమతి అసలే ఉండదు.

ఫెర్రీ ఎక్కి దీవికి వెళ్లాలి. కారును వెంట తీసుకెళ్లాలా, అక్కడే మరొకటి తీసుకోవాలా?

దీవిలో రెండు మూడు రోజులే ఉంటే, అక్కడి రేవు దగ్గరే కార్యాలయం ఉంటే, కొత్తది తీసుకోవడం సులువు. ఫెర్రీలో కారుకు పట్టే టికెట్ మనిషి టికెట్ కంటే చాలా ఎక్కువ. అసలు ఫెర్రీ ఎక్కించడానికే ఒప్పుకోని ఒప్పందాలూ ఉన్నాయి. న్యూజిలాండ్‌లో ఉత్తర దీవి నుంచి దక్షిణ దీవికి వెళ్లేటప్పుడు కొన్ని సంస్థలు ఒక రేవులో కారు వదిలి, అవతలి రేవులో మరొకటి తీసుకోమంటాయి. అద్దె ఒప్పందం ఒకటిగానే కొనసాగుతుంది, సామాను మాత్రం మోసుకోవాలి.

## ధరలు, నిబంధనలు పోల్చేటప్పుడు

ఊళ్లో తీసుకుంటే చవక అని చూపిస్తోంది. నిజంగా మిగులుతుందా?

రోజువారీ అద్దె ఒక్కటే పోల్చితే తెలియదు. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ట్యాక్సీ ఖర్చు, తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే ఖర్చు, కార్యాలయం తెరిచే వరకు వేచి ఉండటం వల్ల పోయే పూట, మూసే వేళకు చేరడం కోసం ముందు రోజే కారు అప్పగించవలసి రావడం, ఇవన్నీ కూడాలి. ఇద్దరు, చిన్న సంచులతో, వారం పైగా తిరిగితే సాధారణంగా ఊళ్లో తీసుకోవడమే కలిసి వస్తుంది. నలుగురి కుటుంబం మూడు రోజులకు తీసుకుంటే రెండు ట్యాక్సీ ప్రయాణాలే ఆ మిగులును తినేయవచ్చు.

చాలామంది పట్టించుకోని లెక్క మరొకటి ఉంది. అద్దె రోజు అంటే క్యాలెండర్ రోజు కాదు, కారు తీసుకున్న క్షణం నుంచి 24 గంటలు. ఉదయం 9 గంటలకు తీసుకుని చివరి రోజు మధ్యాహ్నం 2 గంటలకు ఇస్తే అదనపు రోజు పడవచ్చు. చివరి రోజు ఎన్ని గంటలకు అప్పగించగలరో ముందు తేల్చుకుని, దాన్ని బట్టి తీసుకునే గంటను పెట్టుకోవాలి.

ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో ఇవ్వవచ్చా? ఆ ఛార్జీ ఎందుకంత ఎక్కువ?

ఇవ్వవచ్చు, సంస్థ అనుమతించిన రెండేసి ఊళ్ల మధ్య మాత్రమే. ఆ కారును ఎవరో ఒకరు తిరిగి నడిపి తేవాలి, లేదా అక్కడ దానికి గిరాకీ దొరకాలి, ఛార్జీ అందుకోసమే. పెద్ద ఊరి నుంచి పెద్ద ఊరికైతే తక్కువగానో అసలు లేకుండానో ఉంటుంది. పెద్ద ఊళ్లో తీసుకుని మారుమూల ఊళ్లో వదిలితే చాలా ఎక్కువ. ఫ్రాంచైజీ కార్యాలయాలు చాలావరకు ఒప్పుకోవు. దేశం దాటి వదిలితే ఛార్జీ అద్దె మొత్తాన్ని మించడం కూడా వింత కాదు.

అయినా వెంటనే వదులుకోవద్దు. వచ్చిన దారిలోనే తిరిగి రావడానికి అయ్యే రెండు రోజుల అద్దె, ఇంధనం, బస లెక్కవేసి పోల్చితే ఛార్జీ కట్టడమే నయమని తేలవచ్చు. రెండు ఊళ్ల పేర్లు తారుమారు చేసి కూడా ధర చూడండి. కార్లు ఒక దిక్కుకే ఎక్కువగా పోయే ప్రాంతాల్లో ఎదురు దిక్కుకు తక్కువకు ఇస్తారు.

ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి. చిత్రంలో ఎస్‌యూవీ చూపిస్తే అదేననుకోవచ్చా?

అనుకోకూడదు. చూడటానికి ఎత్తుగా ఉన్న చాలా ఎస్‌యూవీలకు రెండు చక్రాలకే శక్తి అందుతుంది. బుకింగ్‌లో కారు పేరు దగ్గర నాలుగు అక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది. పెద్ద సంస్థలు చాలావరకు దాన్నే వాడతాయి. మొదటి అక్షరం పరిమాణాన్ని, రెండోది బండి రకాన్ని, నాలుగోది ఇంధనాన్నీ ఏసీనీ చెబుతాయి. మీకు కావలసింది మూడో అక్షరం. అక్కడ ‘ఎమ్’ ఉంటే మామూలు గేర్లు, ‘ఏ’ ఉంటే ఆటోమేటిక్, ఆ రెండింటిలోనూ ఎన్ని చక్రాలకు శక్తి అన్న హామీ లేదు. ‘ఎన్’ ఉంటే గేర్లతో ఫోర్ వీల్ డ్రైవ్, ‘బి’ ఉంటే ఆటోమేటిక్‌తో ఫోర్ వీల్ డ్రైవ్. ‘సి’, ‘డి’ అన్నవి అదే వరుసలో ఆల్ వీల్ డ్రైవ్, అంటే అన్ని చక్రాలకూ శక్తిని కారు తానే పంచేది.

ఐస్‌లాండ్ లోపలి కొండ ప్రాంతాల్లో ‘ఎఫ్’ అక్షరంతో మొదలయ్యే సంఖ్యలున్న రోడ్ల మీదికి ఫోర్ వీల్ డ్రైవ్ లేని కారు తీసుకెళ్లడం చట్టవిరుద్ధం. ఇలాంటి చోట్లకు వెళ్లేవారు ఆ తరగతి కార్లు ఎక్కువగా ఉన్న పెద్ద కార్యాలయాన్నే ఎంచుకోవాలి. చిన్న ఊళ్లో ఆఖరి నిమిషంలో అవి దొరకవు. ఆటోమేటిక్ మాత్రమే నడపగలవారికీ ఇదే సలహా.

మట్టి రోడ్ల మీద వెళితే బీమా వర్తిస్తుందా?

తారు వేయని రోడ్ల మీద నడపడాన్ని చాలా ఒప్పందాలు పూర్తిగా నిషేధిస్తాయి లేదా ఆ రోడ్ల మీద జరిగిన నష్టాన్ని మినహాయిస్తాయి. నిషేధం లేని చోట కూడా మామూలు బీమా టైర్లు, చక్రాలు, అద్దాలు, కారు అడుగుభాగం, పైకప్పు అనే అయిదింటిని తరచుగా వదిలేస్తుంది, పల్లె దారుల్లో దెబ్బ తినేవి సరిగ్గా అవే. నీళ్లు దాటేటప్పుడు ఇంజిన్‌లోకి నీరు పోతే దాదాపు ఎక్కడా చెల్లించరు.

కార్యాలయం ఎంపికకూ దీనికీ సంబంధం ఉంది. కచ్చా రోడ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతంలోని స్థానిక సంస్థలు ఆ రోడ్లకు అనుమతి ఇచ్చి, కంకర దెబ్బలకు విడిగా బీమా అమ్ముతాయి. నగరంలోని పెద్ద సంస్థ అద్దె తక్కువకు ఇచ్చి ఆ రోడ్డే ఎక్కవద్దంటుంది. మీరు చూడాలనుకున్న చోట్లన్నీ మ్యాప్‌లో గుర్తించి, చివరి పది కిలోమీటర్లు ఏ రకం రోడ్డో చూసుకున్న తర్వాతే రెండింటినీ పోల్చండి.

కిలోమీటర్ల పరిమితి పెద్ద సమస్యా?

పల్లె ప్రయాణాల్లో అవును. మ్యాప్ చూపే దూరానికి దారి తప్పడాలు, పెట్రోల్ బంకు కోసం పక్కకు పోవడాలు, బస నుంచి రోజూ వెళ్లిరావడాలు కలిపి మూడో వంతు అదనంగా వేసుకోండి. ఆ లెక్క పరిమితి దాటితే, పరిమితి లేని కార్యాలయం కొంచెం దూరంలో ఉన్నా అదే చవక.

మధ్యవర్తి సైట్‌లో బుక్ చేయాలా, నేరుగా సంస్థ దగ్గరా?

రద్దీ మార్గాల్లో, పెద్ద కార్యాలయాల్లో మధ్యవర్తి దగ్గర తక్కువకు దొరికితే తీసుకోవచ్చు. చిన్న ఊరి కార్యాలయమైతే నేరుగా బుక్ చేయడమే మా మాట. పనివేళలు మారినా, కారు మారినా, మీరు ఆలస్యమైనా కౌంటర్‌లోని మనిషి మీ బుకింగ్‌ను తానే సవరించగలగాలి. మధ్యలో మరొకరుంటే ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. మధ్యవర్తి అమ్మే ‘పూర్తి రక్షణ’ కూడా చాలావరకు తర్వాత తిరిగి చెల్లించే రకమే. కౌంటర్ దగ్గర డిపాజిట్ మాత్రం మీరే కట్టాలి.

లైసెన్సు, కార్డు, వయసు విషయంలో కార్యాలయాన్ని బట్టి తేడాలుంటాయా?

ఉంటాయి. డ్రైవరు పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డును చాలా చోట్ల అడుగుతారు; డెబిట్ కార్డు కొన్ని కార్యాలయాలే తీసుకుంటాయి. 25 ఏళ్ల లోపు వారికి అదనపు రుసుము వేయడం, పెద్ద కార్లు ఇవ్వకపోవడం సాధారణం. విదేశంలో నడిపేవారు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను స్వదేశంలోనే తీసుకుని బయలుదేరాలి. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఏడాది చెల్లుతుంది, 1968 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్లు. ఏ దేశం ఏ ఒప్పందాన్ని గుర్తిస్తుందో చూసుకోవాలి. పర్మిట్ ఉన్నా అసలు లైసెన్సు చేతిలో లేకపోతే కారు ఇవ్వరు.

## బుక్ చేసిన తర్వాత

కార్యాలయానికి ఫోన్ చేయడం అవసరమా? చేస్తే ఏమి అడగాలి?

పెద్ద విమానాశ్రయమైతే అవసరం లేదు. చిన్న ఊరైతే వారం ముందు ఒకసారి చేయాలి, కేంద్ర కార్యాలయానికి కాకుండా ఆ ఊరి నంబరుకే చేయాలి. మీరు వచ్చే రోజు స్థానిక సెలవు ఉందా, మీరు అడిగిన తరగతి కారు మీ పేర కేటాయించారా, పిల్లల సీటు సిద్ధంగా ఉంటుందా, మీరు పేరు పెట్టి చెప్పే ఫలానా రోడ్డు మీదికి తీసుకెళ్లవచ్చా అని అడగాలి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబును ఈమెయిల్‌లో రాసి పంపమని కోరండి. ఫోన్‌లో ‘పరవాలేదు’ అన్న మాట ప్రమాదం తర్వాత పనికిరాదు.

విమానం ఆలస్యమైతే కారు ఉంచుతారా?

విమానాశ్రయ కార్యాలయంలో బుక్ చేసి, విమానం నంబరు ఇచ్చి ఉంటే చాలావరకు ఉంచుతారు, అది కూడా ఆ రోజు మూసే వేళ వరకే. ఊళ్లోని కార్యాలయాలకు మీ విమానంతో పని లేదు. చెప్పిన గంట దాటి కొంతసేపు చూసి బుకింగ్ రద్దు చేయవచ్చు, ముందే కట్టిన డబ్బు కూడా పోవచ్చు. చివరి విమానంలో దిగేవారు ఊరి కార్యాలయాన్ని అదే రోజుకు బుక్ చేయకూడదు.

తీసుకునే చోటు తర్వాత మార్చుకోవచ్చా?

కారు చేతికి రాకముందు మార్చుకోవచ్చు, కానీ ఆ రోజు ధర ప్రకారం మొత్తం మళ్లీ లెక్కగడతారు. పాత బుకింగ్ ఉచితంగా రద్దు చేయగలిగేదైతే, కొత్తది ఖాయమయ్యాకే పాతది వదలండి.

## కౌంటర్ దగ్గర

బుక్ చేసిన కారు లేదు, పెద్ద కారు ఉచితంగా ఇస్తామంటున్నారు. తీసుకోవాలా?

నగరంలో తిరగడానికైతే సంతోషంగా తీసుకోవచ్చు. పల్లె దారుల్లో పెద్ద కారు ఎప్పుడూ మేలు కాదు. రెండు వైపులా గోడలో పొదలో ఉన్న సన్నని దారుల్లో ఎదురుగా బండి వస్తే వెనక్కి నడపవలసింది మీరే. ఇంధనమూ ఎక్కువ పడుతుంది. బుకింగ్‌లో ‘లేదా అలాంటిది’ అని రాసి ఉన్నందువల్ల ఫలానా మోడలే కావాలని పట్టుబట్టలేరు, కానీ తరగతి విషయంలో పట్టుబట్టవచ్చు. మర్యాదగా నిలబడి అడిగితే, కడిగి తెచ్చే వరకు అరగంట ఆగమని చెప్పి అసలు కారే ఇవ్వడం తరచుగా జరుగుతుంది.

పల్లె ప్రయాణానికి కారులో ప్రత్యేకంగా ఏమి చూసుకోవాలి?

మొదట స్టెప్నీ. ఈ రోజుల్లో చాలా కార్లలో అది ఉండదు, రంధ్రం మూసే ద్రవమూ చిన్న గాలి పంపూ మాత్రమే ఉంటాయి. టైరు పక్కగోడ చీలితే ఆ ద్రవం పనికిరాదు. స్టెప్నీ ఉంటే దానిలో గాలి, జాకీ, పానా, చక్రం నట్లకు తాళం ఉంటే దాని ప్రత్యేక పిడి చూడాలి. తర్వాత నాలుగు టైర్ల అరుగుదల, ముందు అద్దం మీద చిన్న పగుళ్లు, అడుగుభాగం. కారు చుట్టూ తిరుగుతూ ఫోన్‌తో వీడియో తీసి, చక్రాల అంచులను, ఇంధనం ముల్లును, కిలోమీటర్ల అంకెను అందులో కనిపించనివ్వండి. ఒప్పందంలోని బొమ్మలో లేని ప్రతి గీతనూ కౌంటర్‌లోని మనిషి చేత రాయించి సంతకం తీసుకోవాలి. వాన పడుతుంటే, చీకటిగా ఉంటే కారును దీపం కిందికి తీసుకెళ్లి చూడండి. తొందర వారిది, డిపాజిట్ మీది.

పార్కింగ్ నుంచి కదలక ముందే అద్దాలు, సీటు, లైట్లు, వైపర్లు సరిచేసుకుని, ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ అయిందో లేదో చూసుకోవాలి.

నగరం మధ్యలోని కార్యాలయంలో తీసుకుంటే జరిమానాలు వస్తాయని విన్నాము. నిజమేనా?

ఇటలీలో చాలా నగరాల పాత భాగాల్లో బయటి వాహనాలకు ప్రవేశం పరిమితం, కెమెరాలు నంబరు ప్లేటు చదువుతాయి. అక్కడి కార్యాలయం నుంచి బయటపడే సరైన దారిని కౌంటర్‌లోనే కాగితం మీద గీయించుకోవాలి. జరిమానాతో పాటు మీ వివరాలు పోలీసులకు అందించినందుకు అద్దె సంస్థ విడిగా రుసుము వేస్తుంది.

విద్యుత్ కారు ఇస్తామంటున్నారు. పల్లెలకు పనికొస్తుందా?

రాత్రి బస చేసే చోట ఛార్జింగ్ ఉంటే పనికొస్తుంది. లేకపోతే వద్దనండి. చలి, ఎత్తు ఎక్కడం, వేగం మూడూ కారు వెళ్లగల దూరాన్ని తగ్గిస్తాయి.

## దారిలో, తిరిగి అప్పగించేటప్పుడు

మారుమూల చోట కారు ఆగిపోతే తీసుకున్న కార్యాలయమే వస్తుందా?

సంస్థకు ఆ ప్రాంతంలో ఎన్ని కార్యాలయాలున్నాయన్న దాని మీద ఇది ఆధారపడి ఉంటుంది. పెద్ద సంస్థ అయితే దగ్గరలోని మరో ఊరి నుంచి వేరే కారు పంపగలదు. ఒకే ఊళ్లో ఉన్న స్థానిక సంస్థ అయితే కారును లాగే బండి అక్కడి నుంచే రావాలి, ఆలోగా రోజు గడిచిపోతుంది. మరోవైపు, అదే ప్రాంతంలో తిరుగుతున్నవారికి ఆ స్థానిక యజమానే ఫోన్ ఎత్తి గంటలో వస్తాడు. కాబట్టి దూరాలు దాటే ప్రయాణానికి పెద్ద సంస్థ, ఒక లోయ చుట్టూనో ఒక తీరం వెంటనో తిరిగేవారికి స్థానిక సంస్థ. చక్రం మార్చడం, తాళాలు లోపల పడటం, ఇంధనం అయిపోవడం వంటివి ఉచిత సాయంలోకి రావని చాలా ఒప్పందాలు చెబుతాయి. అత్యవసర నంబరును కాగితం మీద రాసుకోండి, సిగ్నల్ దొరికే గుట్ట దాకా నడవవలసి వస్తే ఫోన్ ఛార్జింగ్‌ను కాపాడుకోవాలి.

కార్యాలయం మూసి ఉన్నప్పుడు తాళాలు పెట్టెలో వేసి వెళ్లిపోవచ్చా?

ఆ వసతి ఉన్న చోట వెళ్లవచ్చు, కానీ మరునాడు వాళ్లు తెరిచి చూసే వరకు ఆ కారుకు జరిగే నష్టం మీ ఖాతాలోనే ఉండవచ్చు. నిలిపిన చోటు, చుట్టుపక్కల గుర్తులు, నాలుగు వైపులా కారు, ఇంధనం ముల్లు కనిపించేలా ఫొటోలు తీసి ఉంచుకోండి. డిపాజిట్ వెనక్కి వచ్చే వరకు వాటిని చెరపవద్దు.

ఇంధనం ఎక్కడ నింపాలి?

నిండుగా తీసుకుని నిండుగా ఇచ్చే పద్ధతే మేలు. అప్పగించే ఊళ్లో చివరి బంకు ఎక్కడుందో, రాత్రి తెరిచి ఉంటుందో లేదో కారు తీసుకున్న రోజే చూసుకోండి, రసీదు దాచండి. చిన్న ఊళ్లలో బంకు మూసి ఉండి ట్యాంకు తక్కువగా ఇస్తే, ఇంధనం ధరతో పాటు నింపినందుకు రుసుము కూడా పడుతుంది.

రెండు రోజులు ముందే ఇచ్చేస్తే డబ్బు వెనక్కి వస్తుందా?

ముందే చెల్లించిన బుకింగ్‌లలో సాధారణంగా రాదు. తీసుకునేటప్పుడు చెల్లించే రకంలో వాడిన రోజులకే లెక్క వేసినా, వారం ధర కాస్తా రోజు ధరగా మారి మొత్తం పెరిగిన బిల్లు రావచ్చు. కారు ఇచ్చే ముందు ఫోన్ చేసి కొత్త మొత్తం ఎంతో అడగండి; ఎక్కువైతే గడువు వరకు కారును దగ్గర ఉంచుకోవడమే చవక.